పదమూడో ఏట తలుపు మూయకండి

మీ వీధిలో ఒక చిన్న గ్రంథాలయం పెట్టాలనుకున్నారు. మంచిది. పుస్తకాల జాబితా రాయడానికి కూర్చునే ముందు ఒక పని చేయండి. నోటుబుక్కు పట్టుకుని సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా మీ వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడవండి. అరుగుల మీద, కిరాణా కొట్టు ముందు, నీళ్ల ట్యాంకు దగ్గర, గుడి మెట్ల మీద, ఖాళీ ప్లాటులో ఎవరెవరున్నారో చూసి వాళ్ల వయసులు రాసుకోండి. తమ్ముణ్ని చంకనేసుకుని తిరుగుతున్నది ఎవరు, ట్యూషన్ నుంచి వస్తున్నది ఎవరు, దుకాణంలో పనికి కుదిరింది ఎవరు, ఎవరి ఇంట్లో ఉర్దూ, ఎవరి ఇంట్లో ఒడియా, ఎవరి ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, ఇవన్నీ రాయండి. కనబడనివాళ్ల గురించి కూడా ఆలోచించండి. పన్నెండు దాటిన ఆడపిల్లలు చాలా వీధుల్లో ఆ వేళకు బయట ఉండరు.

గది ఎంత ఉండాలి, ఏ వేళ తెరవాలి, ఏ పుస్తకం కొనాలి అన్న ప్రశ్నలకు జవాబులు చాలావరకు ఆ కాగితంలోనే దొరుకుతాయి.

పిల్లల గ్రంథాలయాలు పెట్టిన చాలాచోట్ల ఒకే వరస కనబడుతుంది. తెరిచిన మొదటి నెలల్లో పదేళ్ల లోపు పిల్లలతో గది కిటకిటలాడుతుంది. ఏడో తరగతికి వచ్చేసరికి వాళ్లు పలచబడతారు. ముందు ఆడపిల్లలు ఆగిపోతారు, తర్వాత మగపిల్లలు. ఇంటర్ పిల్లలు దాదాపు ఉండరు. మళ్లీ ఇరవయ్యో ఏట కొందరు వస్తారు. అప్పటికి వాళ్ల సంచిలో వాళ్ల గైడ్లే ఉంటాయి. గ్రంథాలయం నుంచి వాళ్లకు కావలసింది ఒక బల్ల, ఒక ఫ్యాను, కాస్త నిశ్శబ్దం. పదమూడుకీ ఇరవైకీ మధ్య ఏడేళ్లు ఖాళీ. తానెవరో, ఏం కాదలచుకున్నాడో, ఎవరితో కలిసి నడవాలో మనిషి తేల్చుకునే ఏడేళ్లు అవి. ఆ ఏళ్లలో మన గది వాళ్లకు అక్కరకు రాకపోతే, మనం పెట్టింది పిల్లల ఆటగది, పెద్దల పరీక్ష హాలు మాత్రమే అవుతుంది. అందుకే ఈ అధ్యాయంలో ఎక్కువ చోటు ఆ ఏడేళ్లకే ఇస్తున్నాను.

ఆ వయసువాళ్లను గ్రంథాలయానికి పిలవడం ఎలా అని అందరూ అడుగుతారు. గ్రంథాలయాన్ని వాళ్ల చేతికి ఇవ్వడం ఎలా అని అడగమంటాను నేను. ఇది నా సొంత కల్పన కాదు, మన చరిత్రలో ఉన్నదే. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం మొదలైనప్పుడు దాని స్థాపకుల్లో ఒకరైన కొమర్రాజు లక్ష్మణరావుకు ఇరవై నాలుగేళ్లు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడినప్పుడు దాని వెనుక నిలబడ్డ అయ్యంకి వెంకటరమణయ్యకు పాతికేళ్లు నిండలేదు. హోటల్లో సర్వరుగా, పత్రికలో ప్రూఫ్ రీడరుగా పనిచేసిన వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టే నాటికి ఆయనకూ పాతికేళ్లు నిండలేదు. తెలుగునాట గ్రంథాలయోద్యమం అని మనం గౌరవంగా చెప్పుకునేది ఇలాంటి కుర్రవాళ్ల చేతుల మీద నడిచింది. ఇవాళ ఆ వయసుకు దగ్గరపడుతున్నవాళ్లకు మనం సభ్యత్వ కార్డు ఇచ్చి, ఓ మూల కూర్చుని చదువుకోమంటున్నాం. పదమూడేళ్లవాడికి పుస్తకంతో పాటు ఒక బాధ్యత కావాలి. అది దొరికిన చోట వాడు నిలుస్తాడు.

గది, అరలు

పన్నెండడుగులకు పదిహేనడుగుల గది ఉంటే మొదలుపెట్టవచ్చు. కమ్యూనిటీ హాలులో ఒక మూల, మూతపడ్డ బడిగది, ఎవరి ఇంటి ముందు వరండా అయినా చాలు. గ్రౌండు ఫ్లోరు అయితే మేలు. కర్ర పట్టుకుని నడిచే పిల్లవాడు, చక్రాల కుర్చీలో వచ్చే పిల్ల మెట్ల దగ్గరే ఆగిపోకూడదు.

ఆరేళ్ల లోపు పిల్లలకు పుస్తకం అంటే అట్ట మీది బొమ్మ. వాళ్లకోసం పుస్తకాలను వీపులు కనబడేలా నిలబెడితే లాభం లేదు, బొమ్మ కనబడాలి. గోడకు రెండడుగుల ఎత్తున సన్న తాడు కట్టి బట్టల క్లిప్పులతో పుస్తకాలు తగిలించండి. ఖర్చు దాదాపు ఉండదు, పిల్లవాడి చేతికి అందుతాయి, ఏ పుస్తకాన్ని ఎవరూ ముట్టుకోవడం లేదో మీకు వారంలో తెలిసిపోతుంది. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల వాళ్లకు నాలుగడుగుల లోపు ర్యాకులు. ఆపై వయసువాళ్లకు మామూలు ఎత్తు సరిపోతుంది. ఇనుప ర్యాకులు వాడండి. వాటిని గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ల ఎడం ఇవ్వండి, కింది అరను నేలకు జానెడు పైన పెట్టండి. మన వానాకాలంలో పుస్తకాలను పాడుచేసేవి చెమ్మ, చెదలు. ఆ నాలుగు వేళ్ల సందులో గాలి ఆడితే సగం బెడద తప్పుతుంది. అరల్లో వేపాకు వేయండి. కలరా ఉండలు మాత్రం చిన్నపిల్లల చేతికి అందే చోట వద్దు, మిఠాయి అనుకుని నోట్లో పెట్టుకుంటారు. చిరిగిన పేజీలకు సెల్లోటేపు అతికించవద్దు. కొన్నేళ్లకు అది పసుపు తిరిగి కాగితాన్ని కూడా తినేస్తుంది.

పుస్తకాలు మొదట మూడు వందలు చాలు, కానీ ఒక్కొక్కటీ ఎంచి తేవాలి. గ్రంథాలయం పెడుతున్నామనగానే వీధిలోవాళ్లంతా అటకలు దులిపి పాత వాచకాలు, కాలం చెల్లిన గైడ్లు, పెళ్లిలో బహుమతిగా వచ్చి ఎవరూ తెరవని పుస్తకాలు మోసుకొస్తారు. వాళ్ల మనసు నొప్పించకుండా, 'తీసుకుంటాం, పిల్లలకు పనికిరానివి అమ్మి ఆ డబ్బుతో కొత్తవి కొంటాం' అని ముందే చెప్పండి. పసిపిల్లలకు నేషనల్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్, తూలిక, మంచి పుస్తకం ప్రచురణలు తెలుగులో దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో ఎన్నో భాషల బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి, ముద్రించుకోవచ్చు కూడా. నోటుబుక్కులో రాసుకున్న ఆ ఉర్దూ, ఒడియా ఇళ్లు ఇప్పుడు గుర్తుకు రావాలి. ఇటుక బట్టీకి వలస వచ్చిన కుటుంబంలోని పిల్లకు తన భాషలో ఒక్క పుస్తకం కనబడితే చాలు, రేపు మళ్లీ వస్తుంది.

ఎనిమిది నుంచి పన్నెండు దాకా పిల్లలు ఏది పడితే అది చదువుతారు. చందమామ బైండు సంపుటాలు, బుడుగు, రైలుబడి, ఇల్లేరమ్మ కతలు, జంతువుల మీద, గ్రహాల మీద బొమ్మలున్న పుస్తకాలు పెట్టి వాళ్ల దారికి అడ్డు రాకుండా ఉంటే చాలు. రోజుకు ఇరవై నిమిషాలు ఎవరైనా గొంతెత్తి కథ చదవాలి. ప్రశ్నలు అడగవద్దు, నీతి చెప్పించవద్దు.

డిపాజిట్టు, జరిమానా రెండూ వద్దంటాను. ఈ మాటకు ప్రతిచోటా ఎదురు వాదన వస్తుంది, పుస్తకాలు పోతాయని. పోతాయి, కొన్ని. జరిమానా పెట్టిన చోట పోయేది పిల్లలు. పుస్తకం చిరిగితే డబ్బు కట్టాలని తెలిసిన తల్లి, పుస్తకమే ఇంటికి తేవద్దంటుంది. ఒక పుస్తకం ఖరీదు మళ్లీ సంపాదించవచ్చు. భయపడి ఆగిపోయిన పిల్లను మళ్లీ రప్పించడం చాలా కష్టం.

పదమూడు నుంచి పదిహేడు

ఈ వయసులో పిల్లల్ని చిన్న బల్లల దగ్గర కూర్చోబెడితే అవమానం, పెద్దల మధ్య కూర్చోబెడితే బెరుకు. వాళ్లకంటూ ఒక మూల కావాలి. ఆ మూల మీ కళ్లకు కనబడాలి, అక్కడి మాటలు మీ చెవిన పడకూడదు. ఒక బెంచీ, ఒక బోర్డు, ఒక ఛార్జింగ్ పాయింటు. గోడ మీద 'నిశ్శబ్దం' అన్న అట్టను వాళ్లున్న వేళ తీసేయండి. చదివినదాని గురించి స్నేహితుడితో వాదించుకోవడం కూడా చదువే.

పుస్తకాల ఎంపికలో మీ అభిరుచిని కాస్త పక్కన పెట్టండి. యండమూరి, మల్లాది నవలలు అడిగితే ముఖం చిట్లించవద్దు. తెలుగువాళ్లలో ఎందరో ఇంట్లో దొంగచాటుగా ఆ నవలలు చదివే చదువరులయ్యారు. ఆ పక్క అరలోనే మిట్టూరోడి కతలు, అమరావతి కథలు, ఏడు తరాలు, అన్నే ఫ్రాంక్ డైరీ, అబ్దుల్ కలాం ఆత్మకథ ఉండాలి. ఒకటి ముగించిన చెయ్యి దానంతట అదే పక్కదాని మీదికి వెళుతుంది. శరీరంలో వచ్చే మార్పుల గురించి, నెలసరి గురించి, మనసు దిగులుగా ఉండటం గురించి శాస్త్రీయంగా రాసిన పుస్తకాలను బీరువాలో పెట్టి తాళం వేయవద్దు. ఎవరినీ అడగనక్కర్లేకుండా తీసుకుని చదివే చోట ఉంచండి. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారన్నది రిజిస్టరు దాటి బయటికి పోకూడదు. ఇంటివాళ్లు అడిగినా చెప్పకూడదు. ఈ ఒక్క నమ్మకం తప్పితే పిల్లలు ఆ అర వైపు మళ్లీ చూడరు.

ఇప్పుడు బాధ్యతల సంగతి. పుస్తకాలకు నంబర్లు వేయడం, రిజిస్టరులో పేరు, రచయిత, ధర, తేదీ ఎక్కించడం, ఇచ్చిపుచ్చుకోవడం, చిరిగినవి బాగుచేయడం, ఇవన్నీ పదమూడేళ్లవాళ్లు చేయగలరు, పెద్దలకంటే శ్రద్ధగా చేస్తారు. కొత్త పుస్తకాల డబ్బులో ఒక వాటా వాళ్లకే ఇచ్చేయండి. డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకో, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికో వాళ్లను తీసుకెళ్లి, డబ్బు చేతిలో పెట్టి, కొనుక్కు రమ్మనండి. మీకు నచ్చనిది కొన్నా మాట్లాడవద్దు. పుస్తకం ఎవరూ చదవకుండా అరలో పడి ఉంటే వాళ్లే చూస్తారు, మరుసటి ఏడు ఇంకోలా కొంటారు.

అన్నిటికంటే విలువైన పని మరొకటి ఉంది. ఎనిమిదో తరగతికి వచ్చినా తెలుగు వాక్యం కూడబలుక్కుని చదివే పిల్లలు ప్రతి వీధిలోనూ ఉన్నారు. వాళ్ల ముందు రెండో తరగతి పుస్తకం పెడితే తలవంపులు, తమ తరగతి పుస్తకం పెడితే అర్థం కాదు. రెండు దారులూ మూసుకుపోయి, చదువంటేనే విరక్తి పుడుతుంది. అలాంటి పిల్లవాణ్ని పిలిచి, 'సాయంత్రం చిన్నపిల్లలకు కథ చదివే పని నీది' అని చెప్పండి. బొమ్మల పుస్తకం ఇంటికిచ్చి, రెండు రోజులు సాధన చేసుకు రమ్మనండి. ఆ పుస్తకంలో పేజీకి రెండు వాక్యాలే ఉంటాయి, వాడు చదవగలడు. ఐదేళ్ల పిల్లలకోసం చదువుతున్నాడు గనక ఎవరూ నవ్వరు. మూడు నెలలు ఇలా సాగితే పేజీకి పది వాక్యాలున్న పుస్తకం వాడే తీసుకుంటాడు. ఏ రెమెడియల్ క్లాసూ ఇవ్వలేని మర్యాద ఈ ఏర్పాటులో ఉంది. ఈ అధ్యాయంలో ఒక్క సలహానే పాటించగలిగితే ఇదే పాటించండి.

ఆడపిల్లలు ఎందుకు ఆగిపోతారు

ఆసక్తి తగ్గి ఆగిపోతారని అనుకోవద్దు. ఇంట్లో పని పెరుగుతుంది, పెద్దవాళ్ల భయం పెరుగుతుంది, వీధి చీకటి పడుతుంది. ఈ మూడింటికీ గది ఏర్పాటులోనే జవాబు చెప్పాలి.

బడి వదిలాక చీకటి పడేలోపు, నాలుగున్నర నుంచి ఆరు దాకా, గది తప్పకుండా తెరిచి ఉండాలి. ఆరు తర్వాత మాత్రమే తెరిచే గ్రంథాలయం ఆడపిల్లలను రావద్దన్నట్టే. ఆదివారం ఉదయం కూడా మంచి వేళ. గది కిటికీలు వీధి వైపు తెరుచుకోవాలి, లోపల ఏం జరుగుతోందో దారిన పోయేవాళ్లకు కనబడాలి. తలుపు ముందు లైటు వెలగాలి. గది తెరిచి ఉన్నంతసేపూ ఇద్దరు పెద్దవాళ్లుండాలి, అందులో ఒకరు స్త్రీ అయి ఉండాలి. మరుగుదొడ్డికి లోపలి గడియ, నీళ్లు, మూత ఉన్న చెత్తబుట్ట ఉండాలి. పుస్తకాలకు వచ్చిన మొదటి చందా డబ్బు దీనికే పెట్టాల్సి వస్తే దీనికే పెట్టండి. తర్వాత కొనే పుస్తకాలను ఆడపిల్లలు కూడా చదవాలంటే ముందు ఇది కావాలి.

చంకలో తమ్ముడున్న పిల్లను గుమ్మంలో ఆపవద్దు. వాణ్ని చాప మీద కూర్చోబెట్టి తాడు మీది పుస్తకం ఒకటి చేతికిస్తే, ఆమెకు అరగంట దొరుకుతుంది. ఒక పిల్ల రావడం మానేస్తే రెండో వారం దాటకుండా వాళ్లింటికి వెళ్లండి. వెళ్లేది స్త్రీ కావాలి, చేతిలో ఆ పిల్ల సగం చదివి వదిలిన పుస్తకం ఉండాలి. ఎందుకు పంపడం లేదని నిలదీయవద్దు. 'ఆదివారం అమ్మలందరినీ పిలుస్తున్నాం, మీరూ రండమ్మా' అనండి. తల్లి ఒక్కసారి గది చూసి, ఎవరెవరుంటారో తెలుసుకుని వెళ్తే చాలాసార్లు కూతురు మళ్లీ వస్తుంది. అయినా రాలేని పిల్లకు స్నేహితురాలి చేత పుస్తకం పంపండి. రిజిస్టరులో ఆమె పేరు కొట్టేయవద్దు.

పనికి కుదిరిన మగపిల్లలకూ ఇదే మాట. మెకానిక్ షెడ్డులో, టీ కొట్టులో ఉన్నవాడు సాయంత్రం ఐదుకు రాలేడు. పుస్తకాల సంచీ వాడి దగ్గరికి వెళ్లాలి. 1935లో పాతూరి నాగభూషణం వంటివారు కాలువ మీద పడవలో పుస్తకాలు తీసుకెళ్లి చదువరులకు అందించారు. మనకు వీధి చివరి షెడ్డు దాకా నడవడం పెద్ద పనేమీ కాదు.

పద్దెనిమిది దాటాక

గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్, బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లు బల్లలన్నీ ఆక్రమించేస్తున్నారని ప్రభుత్వ గ్రంథాలయాల్లో ఒక విసుగు వినబడుతుంది. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం చుట్టూ ఎంతమంది యువకులు ఏళ్ల తరబడి కూర్చుని చదువుతున్నారో హైదరాబాదు వాళ్లకు తెలుసు. నాకు ఇందులో విసుక్కోవలసింది కనబడదు. ఇల్లు ఇరుకై, అద్దె గదిలో నలుగురు ఉంటూ, చదువుకోవడానికి చోటు వెతుక్కునేవాడికి చోటివ్వడం గ్రంథాలయం చేయవలసిన పనే. చిన్నపిల్లల వేళను వాళ్లకు ధారపోయనంత వరకే అది న్యాయం. ఒకే గదిని మూడు పూటలుగా పంచండి. పొద్దున ఆరు నుంచి తొమ్మిది, రాత్రి ఏడు తర్వాత పరీక్షల వాళ్లకు. సాయంత్రం పూట పిల్లలది, ఎవరొచ్చినా ఇచ్చేది లేదు.

బల్ల వాడుకునేవాళ్లను వారానికి ఒక గంట అడగండి. పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పడం, ఇంటర్ పిల్లల చేత ఈఏపీసెట్, పాలిసెట్ దరఖాస్తులు నింపించడం, స్కాలర్‌షిప్ గడువులు చూడటం. మొదటి తరం చదువుకుంటున్న ఇళ్లలో సీటు పోయేది తెలివి లేక కాదు, ఆదాయ ధ్రువపత్రం సమయానికి చేతికి రాక. మీసేవ నుంచి ఏ కాగితం ఎప్పుడు తెచ్చుకోవాలో పిల్లలకు తెలిసే విధంగా గోడ మీద నెలవారీ పట్టిక పెట్టండి. పోయినేడు ఆ దారిలో నడిచినవాళ్ల చేతే రాయించండి. పాలిటెక్నిక్, ఐటీఐ, నర్సింగ్ చేరిన వీధి పిల్లలను సెలవుల్లో పిలిచి మాట్లాడించండి. ఏ ప్రసిద్ధ వక్త ఉపన్యాసం కన్నా, పక్క సందు అక్క చెప్పే హాస్టల్ ఫీజు లెక్క ఆ పిల్లలకు ఉపయోగం.

ఫలితాలు వచ్చిన రోజున గది మూయవద్దు. తప్పినవాళ్లు ఇంటికి వెళ్లలేక వచ్చేది ఇక్కడికే.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంటి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను పడుతోంది. మీరు ఇప్పటికే కడుతున్నారు. కాబట్టి సొంత గది వెతికే ముందు మీ జిల్లా గ్రంథాలయ సంస్థ శాఖ ఎక్కడుందో చూడండి. అక్కడ పిల్లల అర ఉందా, సాయంత్రాలు తెరుస్తున్నారా, మీరు ఆదివారం కథలు చదువుతామంటే తాళం తీస్తారా అని రాతపూర్వకంగా అడగండి. కొన్నిచోట్ల సిబ్బంది కొరతే అడ్డు. స్వచ్ఛందంగా ఇద్దరు నిలబడితే ఒప్పుకునే గ్రంథపాలకులున్నారు. నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాలు ఈ మాట మొదలుపెట్టడానికి మంచి సందర్భం. ఆ వారం పిల్లలను ఎలాగూ పిలుస్తారు. ఇరవై ఒకటో తేదీన కూడా వాళ్లు రావడానికి ఏం ఏర్పాటు చేశారని అడగండి.

ఇక మీరు చేయవలసిన మొదటి పని. వచ్చే ఆదివారం మీ నోటుబుక్కులో పదమూడు, పద్నాలుగు, పదిహేను అని రాసుకున్న పిల్లలందరినీ పిలవండి. ఇంకా గది లేకపోయినా ఫరవాలేదు, అరలు లేకపోయినా ఫరవాలేదు. ఆడపిల్లల ఇళ్లకు మీరే వెళ్లి పిలవండి. గది ఎక్కడ ఉంటే వాళ్లు రాగలరో, ఏ వేళకు తెరవాలో, ఏ పుస్తకాలు కావాలో వాళ్లనే అడిగి రాసుకోండి. తాళంచెవి ఏ ఇద్దరి దగ్గర ఉండాలో కూడా వాళ్లనే తేల్చుకోమనండి. వాళ్లు ఎవరి పేర్లు చెబితే వాళ్లకే ఇవ్వండి.